దించిన కర్ర దించిన రోజే

గ్రేవెల్ బే, మిన్నెసోటా
ఫిబ్రవరి 16

ప్రియమైన తమ్ముడు ఆరిన్‌కి,

నీ కొత్త ఇంటి అడ్రసు రాసుకున్న కాయితం చేపలు నానేసే ఉప్పునీళ్ళ తొట్టిలో పడిపోయింది. తీసి పొయ్యి పక్కన ఆరేశాను గానీ, వాషింగ్టన్ అన్న ముక్క తప్ప అన్నీ కారిపోయాయి. అందుకే ఇది నీ ఆఫీసుకి పంపిస్తున్నా. నా చేతిరాత చూస్తే తలనొప్పి వస్తుందన్నావుగా, కొట్లో కంప్యూటర్ మీద టైపు కూడా చేస్తున్నా. కీబోర్డంతా చేపవాసన పట్టింది. నీ తలనొప్పి తగ్గింది, నాకు పట్టుకుంది.

చలి సంగతి కొత్తగా చెప్పడానికేం లేదు. సరస్సు రేవు దాకా గడ్డకట్టింది. హైవే మీద టూరిస్టన్నవాడు లేడు. అయినా పోస్టులో పంపే ఆర్డర్లు బాగానే వస్తున్నాయి, వారానికి మూడుసార్లు చేపలకి పొగ పెడుతున్నా. సిస్కో చేపలు ఈ ఏడు బాగా కొవ్వు పట్టాయి, చేతిలో నిలవట్లేదు.

ఊరంతా మహా హుషారుగా ఉంది. కొత్త రూల్ ఒకటి పెట్టాలంటే పాతవి పది తీసెయ్యాలని పైనుంచి ఆర్డరు వచ్చిందటగా. మన డ్వేన్ క్విస్ట్ ఉన్నాడే, హైవే ఆ చివర పొగచేపల కొట్టు, వాడు చర్చి కింద హాల్లో కాఫీకి కేకు తెచ్చాడు. దాని మీద క్రీముతో పది గీతలు గీయించి అడ్డంగా కొట్టేయించాడు. "ఆర్డిస్, ఇక మన పొగగదుల జోలికి ఎవడూ రాడు, తిను" అన్నాడు. తిన్నాను. కేకు బాగుంది. వాడి ట్రౌట్ చేప కూడా అంత మెత్తగా ఉంటే ఎంత బాగుండేదో. నీతో కాబట్టి అంటున్నా, అది పెంకుముక్కలా ఉంటుంది, ఆ ఎండుతనం కప్పెయ్యడానికే వాడు మేపుల్ చెట్టు తీపి పాకం పూస్తాడు. ఇరవై ఏళ్ళుగా "అద్భుతం డ్వేన్" అంటూనే ఉన్నా. ఎవరితోనూ అనకు.

అయితే పోయినవారం గెజిట్లో చేపల పొగగదుల మీద ఏదో ప్రకటన పడిందట. మీ ఆఫీసుదేనట. నీ ఫైలేనా అది? మనకేమన్నా తగులుతుందా? తగిలేట్టు ఉంటే ఒక మాట వెయ్యరా. అక్కడ కూర్చున్నది నువ్వేగా.

ఇంకా ఏం రాద్దామనుకున్నా... ఆఁ, లైబ్రరీ మార్లిస్ నిన్న కొట్టుకొచ్చి, టమాటా మొక్కలకి ఊతం పెట్టుకోవడానికి చేపలు గుచ్చి వేలాడదీసే పొగకర్రలు, పాతవి ఓ ఇరవై ఇవ్వమంది. పాతవి ఎక్కడుంటాయే తల్లీ అన్నాను. చేపలు దించిన కర్ర దించిన రోజే పొయ్యిలోకి పోతుంది, నూనె తాగిన కర్ర ఒక్క అగ్గిపుల్లకి అంటుకుంటుంది, మర్నాటి పొగకి అదే మొదలు. మా నాన్న చేసిందీ అదే, నేను చేసేదీ అదే. కావాలంటే అడవిలో పచ్చివి కొట్టుకో, గొడ్డలి ఇస్తా అన్నా. ముఖం ముడుచుకుని పోయింది.

నాన్న అంటే గుర్తొచ్చింది. నీకెప్పుడూ చెప్పలేదు. ఆఖరి శీతాకాలం ఆయన చేతులు బాగా వణికేవి. కర్ర ఆయన పట్టుకుంటే చేపలు నేను గుచ్చేదాన్ని. ఒకరోజు కర్ర జారి పదహారు చేపలూ నేలమీద పడ్డాయి. ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు, నేను అన్నీ ఏరి కడిగేదాకా అలాగే. తరవాత ఆ పూట కర్రని పొయ్యిలో పెట్టడం కూడా నన్నే చెయ్యమన్నాడు. ఎందుకో ఈ చలికాలం ఊరికే గుర్తొస్తోంది.

సరే, గంట మోగింది, ఎవరో వచ్చారు. జవాబు రాయి.

కళ్ళనిండా పొగతో,
నీ అక్క ఆర్డిస్


వాషింగ్టన్
ఫిబ్రవరి 27

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో అందింది.

నువ్వడిగిన ప్రకటన సంగతి నేను మాట్లాడకూడదు. దాని మీద ఇక నాకేమీ రాయకు, ఫోన్లో కూడా అడగకు. ఊరందరికీ అచ్చేసి చెప్పిందే నీకూ చెప్పగలను. ఆ కాయితం లైబ్రరీలో దొరుకుతుంది. ఎవరైనా చదివి, ఎవరైనా రాయొచ్చు. ఆఖరి రోజు ఏప్రిల్ 14. ఎక్కడికి పంపాలో దానిమీదే ఉంటుంది.

నీకిది ముక్తసరిగా ఉంటుందని తెలుసు. తెలిసే రాస్తున్నా.

నాన్న సంగతి నాకు తెలీదు. ఆ పేరా నాలుగుసార్లు చదివాను.

ఇంటి అడ్రసు కింద రాశాను. ఈసారి తొట్టికి దూరంగా పెట్టుకో.

నీ తమ్ముడు,
ఆరిన్


గ్రేవెల్ బే
ఏప్రిల్ 16

ఆరిన్‌కి, ఆఫీసరు గారికి,

అడగొద్దన్నావు, అడగట్లేదు. గడువు మొన్నే అయిపోయింది, కాబట్టి జరిగింది చెబుతున్నానంతే. చెప్పడానికి కూడా పర్మిషన్ కావాలంటే ఇది చింపి పారెయ్యి.

నీ ఉత్తరం వెనక్కి తిప్పి కూడా చూశా, ఇంకేమన్నా రాశావేమోనని. నువ్వంత పొడిగా ఎప్పుడూ రాయలేదు, చిన్నప్పుడు పడవ అద్దం పగలగొట్టినప్పుడు తప్ప. మర్నాడే లైబ్రరీకి పోయా. మార్లిస్, నేను నాలుగు రోజులు కూర్చుని ఆ కాయితం చదివాం. మూడు కాలమ్‌ల అచ్చు, చీమల బారు. నలభై ఒకటో పేజీలో దొరికింది.

ఇటుక పొగగదుల్లో చేపలు వేలాడదీయడానికి చెక్క కర్రలు వాడుకోవచ్చని నాన్న కాలంలో ఒక చిన్న రూల్ పెట్టారట. మనకా సంగతే తెలీదు. మన పని మనం చేసుకుంటున్నాం అనుకున్నాం ఇన్నాళ్ళూ. ఆ చేసుకోనివ్వడమే ఒక రూల్. తీసెయ్యాల్సిన పదింటిలో అది ఏడోది.

మేం కేకు కోసుకుని తిన్నది దానికి.

అది పోతే మామూలు రూల్ వర్తిస్తుంది: కర్రలుండకూడదు, స్టీలు కడ్డీలే ఉండాలి, ఎందుకంటే చెక్క నూనె పీల్చుకుంటుంది, కడిగినా పోదు, దాంట్లో క్రిములు కాపురం పెడతాయి. డ్వేన్‌కి చూపించాను. చదివి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "స్టీలు కడ్డీ మన ఇటుక పొయ్యిలో ఎర్రగా కాలుద్ది కదా ఆర్డిస్. చేప నిలబడుద్దా?" అన్నాడు. నిలబడదు. కరెంటుతో పొగపెట్టే స్టీలు పెట్టె కొనాలి. అది కొనాలంటే కొట్టు అమ్మాలి, కొట్టు అమ్మితే ఆ పెట్టె ఎక్కడ పెట్టుకోను?

కానీ మేం ఊరుకోలేదు. ఈ తీరం పొడుగునా పొగగదుల వాళ్ళం ఇరవై ముగ్గురం ఉన్నాం, అందరం కలిసి చర్చి హాల్లో కూర్చున్నాం. డ్వేన్ కార్డులు అచ్చేయించాడు. ఒక పక్క సరస్సు బొమ్మ, రెండో పక్క "మా తాతలనాటి పద్ధతిని కాపాడండి, చిన్న వ్యాపారాలని బతకనివ్వండి" అని. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాం. రెండొందల పద్నాలుగు కార్డులురా. ఊళ్ళో ఉన్నదే మూడొందల పదకొండు మంది. ముసలి ఇంగా గారు ఆసుపత్రి మంచం మీంచి సంతకం పెట్టింది. అన్నీ ఒక్క పెట్టెలో కట్టి గడువుకి మూడు రోజుల ముందే పంపాం.

ఇంత కంటే ఎవరేం చెయ్యగలరు? డ్వేన్ అయితే గెలిచేశాం అంటున్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు. నువ్వేమీ రాయవని తెలిసీ రోజూ పోస్టు డబ్బా చూస్తున్నా.

నీ అక్క


గ్రేవెల్ బే
మే 9

ఆరిన్ టాలెఫ్‌సన్,

నా ఉత్తరం గవర్నమెంటు వెబ్‌సైట్లో ఉంది.

మా కార్డులు ఎక్కాయో లేదో చూద్దామని మార్లిస్ నిన్న ఆ ఫైలు తెరిచింది. కార్డులకంటే ముందు అది కనబడింది. ఫిబ్రవరి 16. నేను టైపు చేసింది, తప్పులతో సహా. పైన నువ్వు సంతకం పెట్టిన చీటీ ఒకటి, "ఈ ఉత్తరం నాకు అందినది" అని. పేర్ల మీద నల్లరంగు పూశారు. పూస్తే ఏం? హైవే ఆ చివర కొట్టు పెట్టుకుని ట్రౌట్ చేపకి మేపుల్ పాకం పూసేవాడు ఈ తీరంలో ఎంతమంది?

నిన్న సాయంత్రానికి అందరూ చదివేశారు. బ్యాంకులో అమ్మాయి నన్ను చూసి నవ్వాపుకుంది. డ్వేన్ పొద్దున కొట్టు ముందునుంచి ట్రక్కులో పోతూ చెయ్యి ఊపలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. వాడు కార్డులు అచ్చేయించిన మనిషి. మన అందరికోసం తిరిగిన మనిషి.

అది కూడా ఓర్చుకుంటాను. నాన్న సంగతి ఎవరికీ చెప్పలేదు నేను, నీకు తప్ప. ఆయన గోడవైపు తిరిగింది ఎవరూ చూడకూడదనే కదా. ఇప్పుడు చూడనివాళ్ళు లేరు. ఇంగా గారు ఆసుపత్రినుంచి ఫోన్ చేసి "పాపం మీ నాన్న" అంది. పాపం అనిపించుకోవడం ఆయనకి ఎంత మంటో నీకు తెలీదా?

ఒక మాట వెయ్యమన్నాను. నువ్వు నా మాటలన్నీ మోసుకెళ్ళి అక్కడ పడేశావు. రాయొద్దన్నావు చూడు, ఎందుకో ఇప్పుడర్థమైంది. ఇక రాయను.

ఆర్డిస్ టాలెఫ్‌సన్
టాలెఫ్‌సన్ పొగచేపల కొట్టు


వాషింగ్టన్
మే 30

అక్కా,

నువ్వు తిట్టిన ఉత్తరం అందిన రోజే జవాబు రాద్దామనుకున్నా. మా లాయరు గారు ఏం రాయొచ్చో ఏం రాయకూడదో చెప్పేసరికి ఇన్నాళ్ళు పట్టింది. నిన్న సరేనన్నారు. ఇప్పుడు కొంచెం చెప్పగలను.

అది నా ఫైలే. నాలుగేళ్ళు దాని మీద పనిచేశాను. ఒక రూల్ తయారవుతున్నప్పుడు దాని మీద బయటివాళ్ళు మాలో ఎవరితో మాట్లాడినా, రాసినా అది అందరికీ కనబడేలా ఫైల్లో పెట్టాలి. పెద్ద కంపెనీల లాయర్లు చెవిలో ఊది పోకుండా ఉండటానికి పెట్టిన కట్టు ఇది. అక్కకీ అదే కట్టు. నీ ఉత్తరంలో "ఒక మాట వెయ్యరా" అన్న ముక్క చదివి ఆ మధ్యాహ్నమే పైఆఫీసరు గది తలుపు కొట్టాను. ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టి, ఈ ఫైల్లో ఇక నేను ఉండకూడదని చెప్పాను. ఆవిడ చదివింది. "మీ నాలుగేళ్ళ పనిని మీ అక్కగారు ఒక్క ఉత్తరంతో ముగించేశారు" అంది. తరవాత నా బల్ల మార్చారు.

అప్పట్నించీ ఆ రూల్ సంగతి నీకెంత తెలుసో నాకూ అంతే. ఆ గది ముందునుంచి నడిస్తే వాళ్ళు మాటలాపేస్తారు. నాకిచ్చిన పని పాత రూళ్ళ జాబితా రాయడం, ఏవి తీసెయ్యొచ్చో. ఇక్కడ మనుషుల్ని కూడా తగ్గిస్తున్నారు. జాబితాలు రాసేవాళ్ళు జాబితాలోకెక్కడం ఎంతసేపు.

ఒక విషయం, ఇది మా వెబ్‌సైట్లోనే ఉంది కాబట్టి చెప్పొచ్చు. ఒకే మాట అచ్చేసిన కార్డులు ఎన్ని వచ్చినా కంప్యూటర్ వాటిని ఒక్క కట్టగా కడుతుంది. రెండొందల పద్నాలుగు పేర్లు, ఒక్క కామెంటు. ఇక్కడ ఓట్లు లెక్కపెట్టరక్కా. ఎవరైనా ఇంతవరకూ చెప్పని సంగతి చెప్పారా అని వెతుకుతారు.

ఇది ముందే నీకు చెప్పి ఉండాల్సింది అనుకుంటావు. చెప్పే వీలుంటే చెప్పేవాణ్ణే. గడువులోపల ఎలా రాయాలో నీకు నేర్పితే అది నేను రాసినట్టే. ఏప్రిల్లో రోజూ పొద్దున లేచి, ఇవాళైనా మీలో ఎవరికైనా తడుతుందేమో అనుకునేవాణ్ణి.

నాన్న సంగతికి నన్ను క్షమించమని అడగను. అడిగే వరస కాదు అది. డ్వేన్‌కి మాత్రం నా తరఫున చెప్పు, చిన్నప్పుడు వాడి ట్రౌట్ నాకిష్టమేనని.

నీ తమ్ముడు ఆరిన్


గ్రేవెల్ బే
ఆగస్టు 20

ఆరిన్,

రాయనన్నాను. రాస్తున్నా.

ఒక్క కామెంటు అని చెప్పేసరికి డ్వేన్ మా కొట్లో స్టూలు మీద కూలబడ్డాడు. అవును, వాడు మళ్ళీ వస్తున్నాడు. ఎలాగో చెప్తా. జూన్లో ఒక పొద్దున గంట మోగింది, చూస్తే డ్వేన్, చేతిలో కాయితంలో చుట్టిన ట్రౌట్. గల్లా మీద పెట్టి "ఇందులో పాకం లేదు, తిని చెప్పు" అన్నాడు. తిన్నాను. "ఎండిపోయింది డ్వేన్" అన్నాను. "ఎంతసేపు ఎక్కువ?" అన్నాడు. "ఒక గంట." "మా అయ్య చెప్పింది అదే టైము." "మీ అయ్య నీ కంటే రెండింతల పెద్ద చేపలు పట్టేవాడు." మిగిలిన ముక్క తనే నోట్లో వేసుకుని, "ఇరవై ఏళ్ళ క్రితం చెప్పొచ్చుగా" అన్నాడు. ఇప్పుడు గంట తగ్గించాడు. టూరిస్టులు వాడి కొట్టు ముందు వరసకడుతున్నారు, నాకు బేరాలు తగ్గాయి. ఇదీ నీ వెబ్‌సైటు వల్ల నాకు జరిగిన ఉపకారం.

నవ్వాను గానీ లోపల గుబులుగానే ఉంది. స్టీలు కడ్డీలు తెప్పించి చూశాం, ఏమో పని చేస్తాయేమోనని. నలభై చేపలు గుచ్చాను. గంటకి మొదటిది టప్పున పడింది. కడ్డీ కాలి మొప్ప దగ్గర కండ ఉడికిపోయి ఊడిపోతోంది. తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను, ఒక్కొక్కటే రాలుతుంటే. పన్నెండు మిగిలాయి. డ్వేన్ నా పక్కనే ఉన్నాడు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

క్రిస్మస్ ఆర్డర్లు రాసుకునే టైమిది. ఫోన్ మోగితే "తరవాత చేయండి" అంటున్నా. తరవాత అంటే ఎప్పుడని అడుగుతున్నారు. మేపుల్ కర్రలకి ఈ శీతాకాలం అడవికి వెళ్ళాలా వద్దా అన్నది కూడా తెలీదు. కర్ర కొట్టి, తొక్కతీసి, ఆరబెట్టి పెట్టుకున్నాక వద్దంటే? కొట్టకుండా కూర్చున్నాక సరేనంటే? రోజూ మార్లిస్ లైబ్రరీ తెరవగానే గెజిట్ చూస్తుంది. కిటికీలోంచి నాకు తల అడ్డంగా ఊపుతుంది. అదే మా పలకరింపు ఇప్పుడు.

నీమీద కోపం పోయిందని చెప్పను. సగం పోయింది. నీ ఉద్యోగం ఎలా ఉందో రాయి. అదైనా అడగొచ్చా?

అక్క


వాషింగ్టన్
నవంబర్ 18

అక్కా,

ఆలస్యానికి కారణం నీకు వార్తల్లో తెలిసే ఉంటుంది. బడ్జెట్ తెగక ఆఫీసులు మూసేశారు. ఆ వారాలన్నీ ఇంట్లో కూర్చున్నాను. కిటికీలోంచి పార్కింగు స్థలం కనబడుతుంది. మన సరస్సు లాంటిదేం కాదు.

తెరిచాక మా విభాగాన్ని ఇంకోదాంట్లో కలిపేశారు. కలపడంలో కొందరు అక్కర్లేనివాళ్ళుగా మిగిలిపోయారు. నేనూ అలాగే మిగిలిపోయాను. డిసెంబర్ ఆఖరుదాకా జీతం, తరవాత లేదు. పంతొమ్మిదేళ్ళ సామాను రెండు అట్టపెట్టెల్లో పట్టింది. నువ్వు పంపిన పాత చేపడబ్బా కూడా ఉంది వాటిలో, పెన్నులు పెట్టుకునేవాణ్ణి.

ఫైల్లోంచి తప్పుకోకపోతే ఉండేవాడినా అని అడుగుతావు. తెలీదు. ఆ ఫైలు చూసినవాళ్ళలో ఇద్దరి ఉద్యోగాలు ఉన్నాయి, ఒకతనిది పోయింది. ఎవరూ ఏదీ చెప్పరు.

రూల్ ఎప్పుడొస్తుందో నాకు నిజంగా తెలీదు. వస్తే నీతోపాటే చదువుతాను.

కర్రల సంగతి అడిగావు. నేనేం చెప్పలేను.

ఆరిన్


గ్రేవెల్ బే
డిసెంబర్ 12

ప్రియమైన మా తమ్ముడికి,

నువ్వు చదివే ఉంటావు. అయినా నేను చెప్తా, నా కథ నేను చెప్పుకోకపోతే నాకు అన్నం సయించదు.

మంగళవారం మార్లిస్ కిటికీలో తల ఊపలేదు. కోటు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి వచ్చింది, మైనస్ పద్దెనిమిదిలో. నేను ఉప్పునీళ్ళలో మోచేతుల దాకా ఉన్నా. "కూర్చో" అంది. "కూర్చుంటే ఈ చేపలెవరు తీస్తారే, చెప్పు" అన్నా. అక్కడే నిలబడి చదివింది. కార్డుల సంగతి ఒక్క వాక్యంలో ఉంది: సంప్రదాయాన్ని కాపాడమని కొందరు కోరారు, అభినందిస్తున్నాం, అంతే. తరవాత ఇది. రాసి పెట్టుకున్నా:

"చెక్క కర్రలను తిరిగి తిరిగి వాడతారన్న భావనతో ఈ ప్రతిపాదన చేశాం. చేపలు దించిన రోజే కర్రను కాల్చేస్తారని ఒక ఉత్తరం ద్వారా తెలిసింది. మాకందిన రెండు వేల పై చిలుకు వ్యాఖ్యల్లో మరేదీ ఈ విషయం చెప్పలేదు. ఒక్కసారే వాడి కాల్చేసే కర్రలకు ఈ నిషేధం వర్తించదు."

మార్లిస్ ఇంకా ఏదో చదువుతోంది, నాకు వినబడలేదు. చేతులు నీళ్ళలోనే ఉండిపోయాయి, తిమ్మిరెక్కాయి.

ఇరవై ముగ్గురం ఉన్నాం, అందరం దించిన రోజే కాలుస్తాం. కార్డుల మీద ఒక్కళ్ళమూ ఆ ముక్క రాయలేదు. ఎవరికి తడుతుంది? తిన్నాక చెయ్యి కడుక్కుంటాం అని గవర్నమెంటుకి అర్జీ పెడతామా? తాతలు అన్నాం, బతకనివ్వండి అన్నాం, సరస్సు బొమ్మ వేశాం. డ్వేన్ విని, "అంటే నీ ఉత్తరంలో మార్లిస్ టమాటాలు మనల్ని కాపాడాయి" అన్నాడు. అదిప్పుడు ఊళ్ళో అందరికీ చెప్తోంది మార్లిస్.

ఇప్పుడు అసలు సంగతి. సంతోషం కొంచెం తగ్గాక మార్లిస్‌ని మీ ఆఫీసు కట్టుబాట్లు కూడా తెరవమన్నాను. బయటివాళ్ళ ఉత్తరం వస్తే ఏం చెయ్యాలో అందులో ఉంది. "ఉత్తరాన్ని గానీ, దాని సారాంశాన్ని గానీ ఫైల్లో పెట్టవలెను." సారాంశం అంటే ఎంత అని అడిగా. నాలుగు వాక్యాలు చాలు అంది మార్లిస్.

నాలుగు వాక్యాలు రాయడం నీకెంతసేపు? "ఒక చేపల వ్యాపారి తన సోదరుడిని సాయం అడిగెను." డ్వేన్ బయటపడేవాడు కాదు, నాన్న బయటపడేవాడు కాదు, నేను నీమీద ఆర్నెల్లు అలిగేదాన్ని కాదు. కర్ర కూడా ఫైల్లోకి ఎక్కేది కాదు.

అందులోంచి ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో నువ్వు ఏరితే అక్క తరఫున వాదించినట్టవుతుందని ఒక్క కామా కూడా ముట్టుకోకుండా పెట్టావా? కర్ర పోకూడదనే మొత్తం పెట్టావా? నేనడగను. నువ్వూ రాయకు. ఎవరు ఏ ఫైల్లో పెడతారో ఏమో.

నాన్న గోడవైపు తిరిగిన సంగతి ఇప్పుడు గవర్నమెంటు కాయితాల్లో ఎప్పటికీ ఉంటుందట, తీసెయ్యరట. మొన్నటిదాకా అది తలుచుకుంటే మొహం కాలిపోయేది. నిన్న పొయ్యి ముందు నిలబడి అనుకున్నా, ఆ పూట కూడా కర్ర కాల్చకుండా ఇంటికి పోలేదు ఆయన, నన్నైనా పెట్టమన్నాడు.

ఇక ఉచితంగా ఏదీ రాదుగా, ఒక మెలిక పెట్టారు. కాల్చినట్టు ఏరోజుకారోజు పుస్తకంలో రాయాలి. తారీఖు, ఎన్ని కర్రలు, కాల్చితిమి, సంతకం. చేపలు గుచ్చిన మనిషి కాకుండా ఇంకొకరు రెండో సంతకం పెట్టాలి. అరవై ఏళ్ళ పనికి ఇప్పుడు సాక్షి. మొదటి పేజీ నకలు దీంతో పెట్టాను చూడు. ముప్పై ఒక్క కర్రలు. రెండో సంతకం డ్వేన్‌ది, పెట్టేముందు పొయ్యిలో తల దూర్చి మరీ లెక్కపెట్టాడు, కనుబొమ్మ కొంచెం కాలింది. రోజూ వచ్చి పెట్టడం కుదరదు, వాడికీ కొట్టుంది. పైగా ఇప్పుడు వాడికి తీరిక లేదు, నా బేరాలన్నీ వాడివేగా.

కాబట్టి నాకు రెండో సంతకానికి మనిషి కావాలి. ఆర్డర్లన్నీ ఒప్పుకున్నా, కర్రలు మాత్రం రెండు వారాలకి సరిపడానే ఉన్నాయి. నువ్వు ఆ ఆఫీసులో చేసినవాడివి కాబట్టి నా పుస్తకంలో సంతకం పెట్టొచ్చో పెట్టకూడదో మీ లాయరు గారిని అడిగే రా. ఎన్నాళ్ళు పట్టినా సరే, డ్వేన్‌ని బతిమాలుకుంటా.

అడవిలో కర్రలు కొట్టడానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. గొడ్డలి నూరి పెట్టాను.

నీ కోసం చూస్తూ,
అక్క ఆర్డిస్